అతుకు పక్కన

నర్సాపురం స్టీమర్ రోడ్డులో తాతాజీ గారి లేతు షెడ్డు.
పగలంతా ఇనుప చుట్టలు, రాత్రంతా దోమలు.
ఆ రాత్రి రెండింటికి
మొగల్తూరు నుంచి మోటార్ సైకిల్ మీద
విరిగిన ఏరియేటర్ షాఫ్టుని
పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకొచ్చారు కనకరాజు గారు.
"గాలి పడిపోయిందండీ, రొయ్య తేలిపోతోంది.
తెల్లారేసరికి చెరువంతా తెల్లగా అయిపోద్ది."

కరెంటు చూస్తే
బల్బు మిణుగురంత వెలుగుతోంది.
వెల్డింగ్ సెట్టు మూలుగుతోందే గాని రాడ్డు అంటుకోదు.
గ్యాసు బండ మొన్ననే నిండుకుంది.
తాతాజీ గారు బీడీని చెవి మీదికి ఎక్కించి
"ఒరే సువార్తరాజూ, డీజిలింజను తిప్పు" అన్నారు.
"నిప్పు లేదు కదండీ?"
"ఇనుములో ఉందిలేరా."

ఒక ముక్కని చక్కులో బిగించి
రెండోదాన్ని ఎదురుగా కదలకుండా పట్టించి
బెల్టు ఎక్కించాం.
తిరిగేది తిరుగుతోంది,
నిలబడ్డది నిలబడే ఉంది.
చిన్న చక్రం తిప్పుతూ ఆయన
దీన్ని దాని మీదికి తోస్తున్నారు.
ముందు కీచుమంది. తర్వాత పొగ.
తర్వాత మూగ ఎరుపు,
ఆ తర్వాత గుమ్మడిపువ్వు రంగు.
కరగలేదు.
అది నేను గుర్తుపెట్టుకున్నాను, కరగలేదు.
మెత్తబడిందంతే,
బెల్లప్పాకం తీగ సాగే ముందరి క్షణంలా.

"ఆపు!"

బెల్టు జార్చి
కొయ్యదుంగతో చక్కుని అదిమిపట్టాను.
ఆ ఆగడం నా మోచేతుల దాకా వచ్చింది.
ఆయన ఒంటి బరువంతా చక్రం మీద వేసి
ఇంకొక్క తోపు తోశారు.
అతుకు చుట్టూ ఇనుము పెదవి విరిచి
మడతకాజాలా చుట్టుకుంది.
ఆ పెదవిని చెక్కేస్తే
ఎక్కడ కలిసిందో వేలికి దొరకలేదు.

నీళ్లు పొయ్యనివ్వలేదు. చల్లారేదాకా కూర్చోమన్నారు.
ఆయన ఎడమ చెవికి వినపడదు,
అందుకే నేనెప్పుడూ కుడిపక్కన.
కుర్రతనంలో ఎక్కడో ఫ్యాక్టరీలో
ఉక్కు పలక మీద అల్యూమినియం పలకని
బియ్యపుగింజంత ఎడంలో నిలబెట్టి
పైన పేలుడుమందు ఉప్పులా పరిచి
ఇసక గోతిలో పేల్చేవారట.
"వాటికి మంటతో పొసగదురా.
కలిపి కరిగిస్తే పెళుసెక్కి పలిగిపోతాయి.
దెబ్బతో కలపాలి.
పై పలక ఒక చివర నుంచి
చాప పరిచినట్టు పడుతూ పోద్ది.
పడేచోటికి ముందు ముందే
రెండింటి ఒంటి మీది పొట్టూ మురికీ చిమ్ముకుపోద్ది.
అసలు ఒళ్లు అసలు ఒంటికి తగులుద్ది."
"మరి మీ చెవో?"
"అదీ ఆ పొట్టుతోపాటే పోయింది."

బిల్లుబుక్కు ఎగరకుండా పెట్టే తునక
నా చేతిలో పెట్టారు.
కోసి నున్నగా పాలిష్ పట్టిన అంచు.
రెండు లోహాల మధ్య గీత తిన్నగా లేదు,
అలలు. చిన్నచిన్న అలలు, ఒకే వైపు వాలినవి.

నాది అంతర్వేది.
అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర
గోదారి ఎక్కడ అయిపోయిందో చూపించమని
చిన్నప్పుడు మా నాన్నని అడిగేవాణ్ణి.
ఆయన దోసిట్లో నీళ్లు తీసి నాలిక మీద వేసుకుని
"ఇక్కడ కాదు, ఇంకాస్త అటు" అని తెడ్డు వేసేవాడు.
కాస్త అటు వెళ్లాక మళ్లీ దోసిలి,
మళ్లీ అదే మాట.
ఆ రాత్రి తునక అంచుని
నాలిక్కి ఆనించాను, ఎవరూ చూడకుండా.
ఇనుమూ కిరసనాయిలూ.

షాఫ్టు వెళ్లింది. చెరువు బతికింది.

మూడు నెలలకి
అదే షాఫ్టు రెండు ముక్కలుగా ఒళ్లో పెట్టుకుని
మండిపడుతూ దిగారు కనకరాజు గారు.
తాతాజీ గారు టార్చి వేసి
తిప్పి తిప్పి చూసి
గంతేసినంత పని చేశారు.
"అతుకు దగ్గర కాదండీ! అంగుళం అవతల!
అతుకు అలాగే ఉంది, చూడండి, చూడండి!"
"ఎక్కడ విరిగితే నాకేంటండీ?
విరిగిందా లేదా?"

విరిగిన ఆ ముక్కని
అలల తునక పక్కనే పెట్టి
నన్ను డీజిలింజను తిప్పమన్నారు.
కనకరాజు గారు ఎడమ చెవి వైపు నిలబడి
ఇంకా తిడుతూనే ఉన్నారు.